చెరువు గట్టున చిన్న ఈగలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

వానలు మొదలైన దగ్గర్నుంచి మా శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి. చెరువు గట్ల మీద, ఉప్పు మడుల్లో, వరి పొలాల్లో కనిపించే చిన్న చిన్న ఈగల గురించి అడుగుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: పొద్దున్నే పెద్ద చెరువు గట్టు మీద నడుస్తాం. నీటి అంచున బురద మీద, నాచు మీద నల్లటి చిన్న ఈగలు వందల్లో ఉంటున్నాయి. అడుగు వేస్తే అన్నీ ఒక్కసారి లేచి, జానెడు దూరంలో మళ్లీ వాలిపోతాయి. ఇవి ఏటండీ? కుడతాయా? మా వీధిలో వాళ్లు చందాలేసి మందు కొట్టిద్దాం అంటున్నారు. (గృహిణి, విజయనగరం)

కుట్టవమ్మా. ముందు ఆ టెన్షన్ తీసేయండి. మీరు చెప్పిన తీరును బట్టి, అంటే నీటి అంచునే ఉండటం, పట్టపగలు ఎండలో తిరగడం, లేచినా దూరం పోకుండా అక్కడే వాలడం, వీటిని బట్టి అవి ఎఫిడ్రిడే అనే కుటుంబానికి చెందిన ఒడ్డు ఈగలు అయి ఉంటాయి. ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందినవి దాదాపు 2,000 రకాలు గుర్తించారు. చాలావరకు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. కుట్టడానికి వాటికి సూది లాంటి నోరు లేదు. ఉన్నదల్లా వెడల్పాటి మెత్తటి నోరు, దానితో బురద మీద పాకిన పాచిని, కంటికి కనపడని సూక్ష్మజీవులను గీకి తింటాయి. వీటి పురుగులు కూడా అదే పాచిలో, అదే బురదలో పెరుగుతాయి.

దోమకీ దీనికీ తేడా తెలుసుకోవడం ఏమంత కష్టం కాదు. దోమకు సన్నటి పొడవాటి కాళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన తొండం ఉంటాయి, మన ఇళ్ల దగ్గర తిరిగే వాటిలో ఎక్కువ రకాలు ఎండ వేళ నీడలో నక్కి ఉంటాయి. ఒడ్డు ఈగ మాత్రం పొట్టిగా, బొద్దుగా, ఇంట్లో తిరిగే ఈగను బాగా చిన్నది చేసినట్టు ఉంటుంది. కొన్ని రకాలకు బూడిద రంగు రెక్కల మీద తెల్లటి మచ్చలు కూడా కనిపిస్తాయి.

ఇక మందు సంగతి. దయచేసి కొట్టించకండి. ఆ మందు ఈగలతో ఆగదు, తూనీగ పిల్లల్ని, చేప పిల్లల్ని, నీటి పురుగుల్ని కూడా చంపుతుంది. వీటిలో చాలా జీవులు దోమ పిల్లల్ని తినేవే. ఒడ్డు ఈగల్లోనే ఓక్థెరా అనే ప్రజాతి ఉంది, దాని ముందు కాళ్లు లావుగా, వేటను మడతలో బిగించి పట్టుకునేలా ఉంటాయి. అది నీటి అంచున తిరుగుతూ చిన్న పురుగుల్ని పట్టి తింటుంది, ఈ జాతి ఈగలు మలేరియా దోమ పిల్లల్ని తింటున్నాయని కెన్యాలో పరిశోధకులు గమనించారు కూడా. బోదకాలుతో మన జిల్లాలు ఎంత బాధపడ్డాయో మీకు చెప్పక్కర్లేదు. ఆ జబ్బును మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ పుట్టేది ముఖ్యంగా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో, నిలిచిన మురికి నీళ్లలో. ఆ చందా డబ్బులు కాలువల్లో పూడిక తీయించడానికి, ట్యాంకు గొట్టాలకు వల కట్టించడానికి పెడితే మీ వీధికి నిజమైన మేలు జరుగుతుంది.

ఒకవేళ ఈగలు మరీ విపరీతంగా పెరిగాయంటే నీటిలో పాచి పెరిగిందని అర్థం. పాచి పెరిగిందంటే చెరువులోకి మురుగునీరో, పొలాల ఎరువు నీరో ఎక్కడో దిగుతోందన్నమాట. అది ఎక్కడి నుంచి వస్తోందో చూడండి, ఒడ్డున పేరుకున్న పాచిని గేలంతోనో పారతోనో తీయించండి. తిండి తగ్గితే ఈగలు వాటంతటవే తగ్గుతాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. చెరువు గట్టున సాయంత్రం పూట ఒంటి మీద వాలి, చురుక్కుమనేలా కుట్టే బాగా చిన్న పురుగులు కొన్ని ఉన్నాయి, వాటిని క్యూలికాయిడిస్ అంటారు. అవి మిల్లీమీటరు, మహా అయితే మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, పేడ కలిసిన తడి బురదలో పెరుగుతాయి. గొర్రెలకు నీలి నాలుక వ్యాధి వచ్చేది వీటి వల్లే. మీ చుట్టుపక్కల గొర్రెల కాపరులు ఎవరైనా ఉంటే, వానాకాలంలో మందను చీకటి పడే వేళకు చెరువు దగ్గర నిలపొద్దని, ఆ జబ్బుకు టీకా ఉందని, పశువుల డాక్టరును అడగమని చెప్పండి.

ప్రశ్న: నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని చేస్తాను. అంత ఉప్పు నీటిలో చేప కూడా బతకదు కదా, ఈ ఈగలు ఎలా బతుకుతున్నాయి సార్? గాలి ఏ పక్కకు వీస్తే ఆ పక్క అంచున నల్లగా పేరుకుంటాయి. ఉప్పు పాడవుతుందా? (సంతబొమ్మాళి మండలం)

చాలా మంచి ప్రశ్న అడిగారు. ఒడ్డు ఈగల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ ఉప్పునీటి రకాలే. వీటిలో ఎఫిడ్రా అనే ప్రజాతి పేరుమోసింది. చేప బతకని చోటే వీటికి బాగుంటుంది, ఎందుకంటే వాటిని తినే చేపలు ఉండవు, తిండికి పోటీ పడేవి తక్కువ, ఉప్పును తట్టుకునే పాచి మాత్రం కావలసినంత. వీటి పురుగులు ఒంట్లోకి వచ్చిన అదనపు ఉప్పును బయటికి పంపించగలవు. వెనక భాగంలో రెండుగా చీలిన గొట్టం ఒకటి ఉంటుంది, దానితోనే గాలి పీలుస్తాయి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మోనో అనే సరస్సు ఉంది. దాని నీరు సముద్రం కన్నా రెండు మూడు రెట్లు ఉప్పన, పైగా సబ్బు నీళ్లలా జారుడుగా ఉంటుంది, అంతటి క్షారం. అక్కడ ఎఫిడ్రా హయాన్స్ అనే ఈగ ఏకంగా నీటి లోపలికే నడిచి వెళ్తుంది. ఒంటి నిండా దట్టమైన వెంట్రుకలు, వాటికి మైనం లాంటి పూత. నీటిలోకి దిగగానే ఒంటి చుట్టూ గాలి బుడగ ఒకటి ఏర్పడుతుంది, కళ్లు, కాళ్ల చివర్లు మాత్రమే బయట ఉంటాయి. ఆ బుడగలోనే ఉండి, నీటి అడుగున రాళ్ల మీది పాచి తిని, గుడ్లు పెట్టి, తిరిగి పైకొచ్చి తడి లేకుండా ఎగిరిపోతుంది. ఆ నీటిలోని సోడియం కార్బనేట్ మామూలు పురుగుల్ని ఇట్టే తడిపేస్తుందని, ఈ ఈగ వెంట్రుకలూ మైనమూ దాన్నే ఎదుర్కొనేలా ఉన్నాయని 2017లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు వివరించారు. ఆ సరస్సు చుట్టూ ఉండే కుట్సాడికా అనే ఆదివాసులు ఈ ఈగ ప్యూపాలను, అంటే పురుగు ఈగగా మారే ముందు తొడుగులో ఉండే దశను ఏరి, ఎండబెట్టి, పొట్టు తీసి తినేవారు. కొవ్వు, మాంసకృత్తులు బాగా ఉన్న తిండి అది. వలస పక్షులు కూడా అక్కడ ఆగి, వీటిని తిని ఒళ్లు చేసుకుని దూర ప్రయాణానికి బయల్దేరతాయి.

మన దగ్గర కూడా అంతే. తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల్ని చూడటానికి జనం వెళ్తారు, అవి పెద్దవి కాబట్టి చేపలూ అవీ తింటాయి. ఉప్పు మడుల అంచున తోక ఆడిస్తూ పరిగెత్తే చిన్న ఉల్లంకి పిట్టల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అవి ఏం ఏరుకుంటున్నాయో ఈసారి కాసేపు ఆగి చూడండి. ఈగలు, వాటి పురుగులే వాటి బువ్వ.

ఉప్పు పాడవుతుందా అన్నారు. గాలికి కొట్టుకొచ్చి అంచున పేరుకునేది చాలావరకు ఖాళీ ప్యూపా తొడుగులు, చనిపోయిన ఈగలు. నీటిని చివరి మడిలోకి వదిలే ముందు ఆ నురగను, చెత్తను పక్కకు లాగేస్తే సరిపోతుంది. గట్టి ఉప్పు పేరే దశకు వచ్చేసరికి ఆ మడిలో ఉప్పదనం వాటికి కూడా మించిపోతుంది.

ప్రశ్న: ఉభాలు (వరి నాట్లు) అయి 20 రోజులైంది. ఆకు అంచులు తెల్లగా, పసుపుగా కొరికినట్టు వస్తున్నాయి. నీళ్ల మీద చిన్న బూడిదరంగు ఈగలు ఉన్నాయి. మందుల షాపులో ఉల్లికోడు అని గుళికలు ఇచ్చారు. వేయమంటారా? (రైతు, నరసన్నపేట)

ఆగండి బాబూ, వేయకండి. ఉల్లికోడు అయితే పిలక ఉల్లికాడలా గొట్టమై బయటికి వస్తుంది, ఆ పిలకకు ఇక వెన్ను రాదు. తాటాకు తెగులు అయితే ఆకు మీద నిలువుగా తెల్లటి గీతలు, నల్లటి ముళ్ల పెంకు పురుగులు కనిపిస్తాయి. మీరు రాసింది ఆ రెండూ కాదు. ఇది హైడ్రెలియా అనే ఒడ్డు ఈగ పని. ఆకు మీద ఒక్కొక్కటిగా గుడ్డు పెడుతుంది, పురుగు ఇంకా విచ్చుకోని లేత సుడి ఆకులోకి దూరి అంచును గీకుతుంది, ఆ ఆకు విచ్చుకున్నాక అంచున తెల్ల మచ్చలు, చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. అంటే మీరు ఈరోజు చూస్తున్న దెబ్బ కొన్ని రోజుల కిందటిది. మీరు గుళికలు వేసేసరికి పురుగు పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఈ ఈగకు మెరిసే నీరు కావాలి. నాట్లు వేసిన కొత్తలో దుబ్బుల మధ్య నీరు తళతళలాడుతూ కనిపిస్తుంది కాబట్టే వస్తుంది. దుబ్బు కట్టి, ఆకులు కమ్ముకుని, నీరు కనపడకుండా పోయాక అదే వెళ్లిపోతుంది. ఎదజల్లిన పొలాల్లో ఇది పెద్దగా కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే, అక్కడ మొదట్లో నీరు నిలవదు. మీకు వీలుంటే మడిలో నీరు రెండు మూడు రోజులు తీసేసి, ఆరగట్టి, మళ్లీ పెట్టండి. మదుము దగ్గర నీటి వంతు కష్టంగా ఉంటే పలుచగా ఉంచినా మేలే. వరి ఈ దెబ్బ నుంచి కోలుకుని పిలకలు వేస్తుంది, చాలాసార్లు దిగుబడి కూడా తగ్గదు.

పైగా మొదటి నెలలోనే విషపు మందు పడితే సాలీళ్లు, మిత్ర పురుగులు చస్తాయి. ఆ తర్వాత అసలు ప్రమాదమైన సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) లేస్తుంది, అప్పుడు రెండింతలు ఖర్చు. షాపులో చెప్పిన మాట మీద గుళికలు చల్లే ముందు రెండు దుబ్బులు పీకి రైతు సేవా కేంద్రంలోనో, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానంలోనో చూపించండి. ఖర్చు లేని పని ఇది.

ప్రశ్న: సాయంత్రం లైటు వేస్తే దోమల్లాంటివి గుంపులు గుంపులుగా వచ్చి గోడలకు అంటుకుంటున్నాయి. కుట్టడం లేదు. మా ఇల్లు చెరువు పక్కనే. (బొబ్బిలి)

కుట్టడం లేదంటే అవి కైరోనోమిడ్‌లు అనే, దోమల్లా కనిపించే కుట్టని ఈగలు అయి ఉంటాయి. మగవాటికి ఈకల్లాంటి మీసాలు ఉంటాయి. ఒకటి రెండు రోజులు, మహా అయితే వారం బతుకుతాయి. వాటి పిల్లలు చెరువు అడుగు బురదలో ఎర్రటి పురుగుల్లా ఉంటాయి, ఆ ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే, ఆక్సిజన్ తక్కువున్న బురదలో అదే వాటిని బతికిస్తుంది. చేపలకు మంచి మేత. బయట తెల్ల లైటు బదులు పసుపుపచ్చ లైటు పెట్టండి, కిటికీకి వల కొట్టించండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే పొద్దున్న చచ్చినవాటిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ పొడి కొందరికి పడదు.

ప్రశ్న: పిల్లల కళ్ల చుట్టూ, పుండ్ల మీద ముసిరే బుల్లి ఈగలు కూడా ఈ ఒడ్డు ఈగలేనా? (అంగన్‌వాడీ కార్యకర్త, పాలకొండ)

కాదు. అవి కంటి ఈగలు, వేరే కుటుంబం. కన్నీటికి, చెమటకు, చీముకు వస్తాయి, కళ్లకలకను ఒకరి నుంచి ఇంకొకరికి అంటించగలవు. వీటిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పిల్లల ముఖాలు తరచూ కడిగించండి, పుండుకు కట్టు కట్టండి, కళ్లు ఎర్రబడిన పిల్లల్ని తగ్గేదాకా ఇంటి దగ్గరే ఉంచమని తల్లులకు చెప్పండి.

ప్రశ్న: డిగ్రీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకు ఈ ఈగల్ని తీసుకోవచ్చా? వీటి మీద ఏముంటుందని లెక్చరర్ గారు అంటున్నారు. (విద్యార్థిని, టెక్కలి)

తప్పకుండా తీసుకో అమ్మా. నీకు మీ లెక్చరర్ గారికి చెప్పడానికి రెండు సంగతులు ఇస్తాను. లాస్ ఏంజిలిస్‌లో నేల నుంచి ఊరే ముడి చమురు గుంటల్లో హెలియోమయా పెట్రోలియై అనే ఒడ్డు ఈగ పురుగు ఈదుతూ పెరుగుతుంది, అందులో పడి చచ్చిన పురుగుల్ని తిని బతుకుతుంది. రెండోది మన దేశానికి సంబంధించింది. మన చెరువుల్లో ఉండే హైడ్రిల్లా నాచు అమెరికాలో కాలువల్ని, సరస్సుల్ని కమ్మేస్తే, దాని ఆకుల్ని లోపల్నుంచి తినే హైడ్రెలియా పాకిస్తానీ అనే ఈగను భారతదేశం నుంచి తీసుకెళ్లి 1987లో ఫ్లోరిడాలో వదిలారు. అది అక్కడ స్థిరపడింది కూడా. మన ఒడ్డున ఉన్న ఈగ అంతటి పనికి పనికొచ్చింది.

నీకు కావలసినవి తెల్ల పళ్లెం, భూతద్దం, మంచి కెమెరా ఉన్న ఫోను, ఒక నోటుబుక్కు. మీ ఊరి చెరువు, దగ్గరున్న గెడ్డ, భావనపాడు తీరం, ఒక ఉప్పు మడి, ఇలా ఉప్పదనంలో తేడా ఉన్న చోట్లు ఎంచుకో. ప్రతిచోటా ఒకే వేళకు వెళ్లి, అడుగు చదరం నేలలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, అవి నాచు మీద ఉన్నాయా, బురద మీదా, నీటి మీదా అన్నది రాసుకో. కొంచెం పాచిని సీసాలో తెచ్చి, మూతికి పలుచటి గుడ్డ కట్టి, ఎండ నేరుగా తగలని చోట ఉంచితే అందులోంచి ఈగలు బయటికి వస్తాయి, ఏ పురుగు ఏ ఈగ అయిందో నీ కళ్లతో చూడొచ్చు. ఉప్పు మడికి వెళ్తే అక్కడి పనివాళ్లను అడిగి వెళ్లు, ఏ నెలలో ఎక్కువ ఉంటాయో వాళ్లకు బాగా తెలుసు. ఫోటోలు తీసేటప్పుడు రెక్కలు, ముందు కాళ్లు, నోరు స్పష్టంగా కనిపించేలా తియ్యి, వాటిని బట్టే ఏ రకమో తేల్చేది. తీశాక మాకు పంపు, గుర్తుపట్టడంలో నాకు చేతనైనంత సాయం చేస్తాను.