భుజాన బ్యాగుతో ముంబైని నడిచి చూడొచ్చా? మీది తూర్పు తీరమైతే ముందు ఇది చదవండి

"బ్యాగు తగిలించుకుని ముంబైని కాలినడకన చూడటం కుదురుతుందా? ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగారు.

కుదురుతుంది. కానీ మీరు విశాఖ వాళ్లో కాకినాడ వాళ్లో అయితే ముందు నా కథ వినండి. మనకి సముద్రం అంటే తూర్పు. అది ఎవరూ నేర్పరు, ఒంట్లోనే ఉంటుంది. ఆర్కే బీచ్‌లో నీళ్లు కుడిచేతి వైపు ఉంటే భీమిలి వైపు, అంటే ఉత్తరానికి వెళ్తున్నట్టు. ఎడమచేతికొస్తే హార్బరు వైపు. పుట్టినప్పటి నుంచీ ఈ లెక్కతోనే తిరిగాను, ఒక్కసారీ దారి తప్పలేదు.

జూలైలో గోవా వెళ్తూ ముంబైలో ఒక రోజు ఆగాను. రాత్రికి బండి. పొద్దున్నే సీఎస్‌ఎంటీ స్టేషన్లో దిగి ఆటో కోసం చూస్తే ఒక్కటీ కనబడలేదు. తర్వాత తెలిసింది, దక్షిణ ముంబైలోకి ఆటోలను రానివ్వరట. నలుపు పసుపు ట్యాక్సీ, బస్సు, కాదంటే మన కాళ్లు. సరే అని నడిచాను. ఫ్లోరా ఫౌంటెన్ దాటి, కాలా ఘోడా మీదుగా గేట్‌వే ఆఫ్ ఇండియా. మధ్యలో ఒక వడాపావ్, రెండు కటింగ్ చాయ్‌లు, అంటే అరగ్లాసు టీలు. గేట్‌వే దగ్గర సముద్రం బుద్ధిగా తూర్పునే ఉంది. అక్కడే నా కొంప మునిగింది. ఇక్కడా మన లెక్కే నడుస్తుందని మనసు నిర్ణయించేసుకుంది.

బ్యాగు సంగతి కూడా చెప్పాలి. పదకొండు కిలోలు. అందులో రెండు జీన్స్. వానాకాలం ప్రయాణానికి జీన్స్ సర్దుకున్నవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. తడిస్తే ఆరవు, ఆరకపోతే బరువు. బ్యాగు ఏడు కిలోలు దాటితే నడక మానేసి ట్యాక్సీ ఎక్కండి. ఈ విషయంలో నాతో వాదించకండి.

మధ్యాహ్నం ఓవల్ మైదానం పక్కన కాసేపు కూలబడ్డాను. ఒకవైపు హైకోర్టు, రాజాబాయి టవర్, నల్లబడిన రాతి గోతిక్ గోపురాలు. ఎదురుగా గుండ్రటి బాల్కనీల ఆర్ట్ డెకో ఇళ్లు. ఈ రెండు వరసలకూ కలిపి 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ట్యాక్సీలో పోతే ఇది పది సెకన్ల దృశ్యం. నాకు గంట పట్టింది, అందులో సగం కాళ్లనొప్పుల వల్లే అనుకోండి.

అక్కణ్ణుంచి చర్చ్‌గేట్ మీదుగా సముద్రం ఒడ్డు రోడ్డు మెరీన్ డ్రైవ్ ఎక్కాను. ఒకటే ముసురు. ఫోన్ తడుస్తుందని కవర్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టాను. నేను వెళ్లాల్సింది గిర్‌గావ్ చౌపాటీ బీచ్‌కి, పావ్‌భాజీ కోసం. అది ఉత్తరాన ఉందని ముందే చూసుకున్నాను. ఉత్తరమే కదా అని నీళ్లను కుడిచేతికి పెట్టుకుని ధీమాగా బయల్దేరాను. సూర్యుడు కనబడితే ఏమైనా అనుమానం వచ్చేదేమో, ఆకాశమంతా మబ్బే. సిమెంటు దిమ్మల మీద అల విరిగి గట్టు దాటి మీద పడుతుంటే, అబ్బా అనుకుంటూ నడిచాను. నడిచి నడిచి చూస్తే దారే అయిపోయింది. ముందు నీళ్లు, కుడివైపు నీళ్లు. అది నారిమన్ పాయింట్ కొస.

గొడుగేసుకుని వాకింగ్‌కొచ్చిన పెద్దాయన్ని "చౌపాటీ ఇంకా ఎంత దూరమండీ?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. ఆయన నన్నూ, నా బ్యాగునూ, సముద్రాన్నీ వరసగా చూసి, "ఈత వచ్చా బాబూ?" అన్నారు.

వెనక్కి తిరిగి దాదాపు మూడు కిలోమీటర్లు. మెరీన్ డ్రైవ్‌కి సముద్రం పడమట ఉంటుంది, మన లెక్క ఇక్కడ తిరగబడుతుంది. అందుకే ఈసారి నీళ్లు ఎడమచేతికి. ఆ రోడ్డు ఉన్న నేల కూడా ఒకప్పుడు సముద్రమే, పూడ్చి కట్టారు. ఊరే ఏడు దీవుల్ని కలిపి చేసింది. ఒడ్డే ఒకచోట నిలవని ఊళ్లో నా లెక్క నిలుస్తుందా! కానీ ఒట్టు, ఆ ట్రిప్పు మొత్తంలో నాకు నచ్చిన నడక అదే. దీపాలు వెలిగాక ఆ ఒడ్డు వంపు చూస్తూ నడుస్తుంటే బ్యాగు బరువు కూడా తెలియలేదు. పావ్‌భాజీ మాత్రం మామూలుగా ఉంది, మా ఊరి బండి మీదే నయం.

"క్యాబ్ బుక్ చేస్కో బ్రో, ఒక్క రోజులో పన్నెండు స్పాట్లు" అని సలహా ఇచ్చేవాళ్లని మాత్రం నమ్మకండి. వాళ్లు చూసేది ముంబై కాదు, ముందు బండి నంబర్ ప్లేటు.

ఎన్ని రోజులంటే, దక్షిణ ముంబైకి రెండు చాలు. మిగతా ఊరు నడకకి పనికిరాదు, లోకల్ ఎక్కాల్సిందే. సాయంత్రం రద్దీలో ఆ బ్యాగుతో మాత్రం ఎక్కకండి, తిట్లు మరాఠీలో పడినా అర్థమవుతాయి. ఎలిఫెంటా కూడా అనుకుంటే సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు గుహలు మూసి ఉంటాయి.