ఇరవై ఏళ్ల బాయిలర్: బాగు చేయించాలా, మార్చాలా?

ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణంలో ఉంటున్న ఒక పాఠకురాలు ఇంటినీ స్నానాల నీళ్లనూ గ్యాస్‌తో వేడిచేసే తమ బాయిలర్ గురించి రాశారు. ఇల్లు మూడు పడకగదులది, బాయిలర్ 2004లో పెట్టింది. ఈ వేసవిలో రెండుసార్లు ఆగిపోయింది. మరమ్మతుకు 450 పౌండ్లు అవుతుందని, ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు వేడిచేసే కొత్త గ్యాస్ కాంబి బాయిలర్‌కు అన్నీ కలిపి 2,800 అవుతుందని, బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్‌కు ప్రభుత్వ సాయం పోగా 5,500 అవుతుందని కొటేషన్లు వచ్చాయి. వారి భర్త హీట్ పంపే కావాలంటున్నారు. కాంబికి పదేళ్లపాటు నెలకు 39 పౌండ్ల వాయిదాలు కట్టే దారి కూడా కంపెనీ చూపించింది. వడ్డీపై పన్ను లేని పొదుపు ఖాతా అయిన క్యాష్ ఐసాలో 4 శాతం వడ్డీకి 9,000 పౌండ్లు ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 2,600. గుంటూరుకు కూడా కొంత సొమ్ము పంపుతుంటారు. గుంటూరు నుంచి అత్తమామలు నవంబరులో వస్తున్నారు. పిల్లవాడి హైస్కూలు కోసం మూడు నాలుగేళ్లలో ఇల్లు మారే ఆలోచన ఉంది. కొత్త బాయిలర్ పెట్టిన డబ్బు గ్యాస్ ఆదాలో తిరిగి వస్తుందా అన్నది వారి ప్రశ్న.

అమ్మా, మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెబితే, తిరిగి రాదు. మీ బిల్లు ప్రకారం ఏడాదికి 14,000 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) గ్యాస్ వాడుతున్నారు. యూనిట్ 6 పెన్నీల చొప్పున, రోజువారీ స్టాండింగ్ ఛార్జీ కాకుండా, అది 840 పౌండ్లు. ఇంగ్లండ్‌లో కండెన్సింగ్ బాయిలర్లు తప్పనిసరి అయినది 2005 ఏప్రిల్‌లో. మీది అంతకు ముందుది కాబట్టి, పొగగొట్టం గుండా బయటికి పోయే వేడిని అది బహుశా తిరిగి పట్టుకోలేదు, కాల్చిన గ్యాస్‌లో సుమారు ముప్పావు వంతే ఇంటికి వేడిగా అందుతుందని అనుకుందాం. కొత్తది 90 శాతం అందిస్తే అదే వెచ్చదనానికి 11,700 యూనిట్లు చాలు, అంటే ఏడాదికి మిగిలేది సుమారు 140 పౌండ్లు. ఆ లెక్కన 2,800 తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, బాయిలర్ల ఆయుష్షేమో సాధారణంగా పది నుంచి పదిహేనేళ్లు. బిల్లు సగానికి సగం పడిపోతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి నమ్మకండి.

అయినా కొత్తదే పెట్టించుకోమని నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ వేయవలసిన లెక్క వేరు. ఇరవై ఏళ్లు దాటిన యంత్రాన్ని మీరు ఎలాగూ మార్చవలసిందే, ఇప్పుడు కాకపోతే రెండేళ్లకు. కాబట్టి తేల్చుకోవలసింది 2,800 ఖర్చు పెట్టాలా వద్దా అని కాదు, ఆ ఖర్చును రెండేళ్లు ముందుగానే పెడితే మీకు పడే భారం ఎంత అని. ఆ సొమ్ము ఐసాలోనే ఉంటే ఏడాదికి 112 పౌండ్ల వడ్డీ వచ్చేది, కొత్త బాయిలర్ వల్ల ఏడాదికి 140 పౌండ్ల గ్యాస్ మిగులుతుంది. రెండూ దాదాపు చెల్లుకు చెల్లు, పైగా 450 పౌండ్ల మరమ్మతు ఖర్చు మీ చేతిలోనే ఉండిపోతుంది. అంత పాత యంత్రానికి ఈ భాగం మార్చినా, వచ్చే ఏడు మరో భాగం పోదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

డబ్బులో కొలవలేని మాట ఒకటి ఉంది. వృద్ధులు ఇంట్లో ఉండగా జనవరిలో బాయిలర్ ఆగిపోతే, మూడు కొటేషన్లు తెప్పించుకుని పోల్చుకునే తీరిక మీకు ఉండదు, మొదట వచ్చిన మనిషి చెప్పిన ధరకే తల ఊపుతారు. డిసెంబరు చివరి వారంలో అలా చిక్కుకుని, ఎలక్ట్రిక్ హీటర్లతో తొమ్మిది రోజులు గడిపిన ఒక కుటుంబం లెక్కలు నేను చూశాను. హీటర్లకు, కరెంటుకు, అత్యవసర పనికి పోయిన సొమ్ముతో వాళ్లు రెండేళ్ల సర్వీసు చేయించుకుని ఉండవచ్చు.

హీట్ పంప్ కావాలన్న మీవారి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీ ఇంటి గ్యాస్ వల్ల ఏటా సుమారు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది, హీట్ పంప్‌తో అది సగానికి పైగా తగ్గుతుంది. 2023 అక్టోబరులో ప్రభుత్వం సాయాన్ని 5,000 నుంచి 7,500 పౌండ్లకు పెంచింది, 2027 మార్చి వరకు వ్యాట్ కూడా లేదు, గ్యాస్ బాయిలర్ మీదనైతే 20 శాతం ఉంది. అయితే మీ ప్రాంతంలో కరెంటు యూనిట్ 25 పెన్నీలు, గ్యాస్ కంటే నాలుగు రెట్లకు పైనే. మీ ఇంటికి కావలసిన 10,500 యూనిట్ల వేడిని, యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇచ్చే పంప్‌తో తెచ్చుకుంటే ఏడాదికి 875 పౌండ్లు, మూడున్నర ఇస్తే 750. కొత్త గ్యాస్ బాయిలర్‌తో 700. వంటకు కూడా గ్యాస్ మానేసి కనెక్షన్ తీయించేస్తే 110 పౌండ్ల వరకు స్టాండింగ్ ఛార్జీ తప్పుతుంది. అంటే నెలసరి ఖర్చులో పెద్ద తేడా ఉండదు, ముందుగా పెట్టవలసినది మాత్రం 2,700 ఎక్కువ. పదేళ్లు ఉండే ఇల్లయితే, పంప్‌కు తగ్గ ప్రత్యేక కరెంటు టారిఫ్ చూసుకుని, నేనే దాన్ని సిఫారసు చేసేవాడిని. మూడు నాలుగేళ్లలో వదిలే ఇంటికి, అందులోనూ పొదుపులో సగానికి మించి తీసి పెట్టడం నాకు సమ్మతం కాదు. రేపు కొనబోయే ఇంట్లో ఆ కోరిక తీర్చుకోండి.

కంపెనీ వాళ్లు చూపించిన నెలకు 39 పౌండ్ల వాయిదా చిన్నదిగా కనబడుతుంది, కానీ పదేళ్లకు అది 4,680 అవుతుంది. 1,880 పౌండ్లు వడ్డీగా కడతారు, అదీ ఇల్లు అమ్మేశాక కూడా. ఐసా నుంచే తీయండి. మిగిలే 6,200 మీ మూడు నెలల ఖర్చుకు కొంత తక్కువ, కాబట్టి నెలకు 150 చొప్పున ఏడాదిన్నర తిరిగి అందులో వేయండి, గుంటూరు పంపే సొమ్ము జోలికి పోనక్కరలేదు. అడ్వాన్సు మాత్రం క్రెడిట్ కార్డుతో కట్టి, నెల తిరగకముందే పూర్తిగా చెల్లించండి. 100 పౌండ్లు దాటిన కొనుగోలులో కొంత భాగమైనా కార్డు మీద ఉంటే, పని చేసే కంపెనీ మూతపడినా కార్డు సంస్థ బాధ్యత వహించాలని 1974 నాటి రుణ చట్టం 75వ సెక్షన్ చెబుతోంది. ఈ రక్షణను మనవాళ్లలో చాలామంది వాడుకోవడం లేదని నా బాధ.

ఒప్పుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఇప్పుడు మీకు వేడినీళ్ల ట్యాంకు ఉంది, కాంబి పెడితే అది పోతుంది, అప్పుడు రెండు స్నానాలగదుల్లో ఒకేసారి షవర్ తిప్పితే నీటి ధార సన్నగిల్లుతుంది. ఉదయం ఆఫీసు, బడి, పెద్దవాళ్ల స్నానాలు ఒకే సమయానికి వస్తాయి కనుక, ట్యాంకు ఉంచే రకం బాయిలర్‌కు కూడా ధర అడగండి. పాత గొట్టాలను కడగడం, అయస్కాంత ఫిల్టర్ బిగించడం ఆ 2,800లో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. వచ్చిన మనిషి గ్యాస్ పని చేయడానికి నమోదై ఉన్నట్టు చూపే గ్యాస్ సేఫ్ కార్డును రెండు వైపులా చూడండి, ఏ పనులకు అర్హత ఉందో వెనుక వైపు ఉంటుంది. పని నిర్మాణ నిబంధనల ప్రకారం జరిగిందని చెబుతూ తర్వాత వచ్చే బిల్డింగ్ రెగ్యులేషన్స్ ధ్రువపత్రాన్ని ఇంటి పత్రాలతో కలిపి దాచండి, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ దాన్ని అడుగుతారు. ఏటా సర్వీసు చేయించకపోతే వారంటీ చెల్లకుండా పోతుంది, ఆ ఖర్చును బడ్జెట్‌లో ఇప్పుడే కలుపుకోండి. చలి ముదిరితే మెకానిక్‌లు దొరకడం కష్టం, అందుచేత పనిని సెప్టెంబరు నెలాఖరులోగా పూర్తి చేయించి, అత్తమామలు దిగకముందే రెండు వారాలు నడిపి చూసుకోండి.