ముందు కౌలు రైతు ఇంటికి వెళ్ళు

చిరంజీవి మేనల్లుడికి,

ఊళ్ళో రైతులను కూడగట్టి సంఘం పెడుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. సభ ఎక్కడ పెట్టాలి, కరపత్రంలో ఏమి రాయాలి అని అడిగావు. అవి తర్వాత. ముందు కౌలుకు చేసేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళు.

2011 ఖరీఫ్‌లో కోనసీమలో మేము పంట విరామం ప్రకటించాము, అంటే నాట్లు వేయకుండా చేలు బీడు పెట్టాము. ధాన్యానికి గిట్టుబాటు ధర లేదు, సాగు ఖర్చులు పెరిగిపోయాయి, మురుగు కాలువలు పూడిపోయి వాన పడితే చేలు మునిగేవి. మా కోపం న్యాయమైనదే. మా సమస్యలు పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని కూడా వేసింది. కానీ మా ఊళ్ళో ఆ నిర్ణయం తీసుకున్న అరుగు మీద కూర్చున్నది భూమి ఉన్నవాళ్ళమే. మా చేను కౌలుకు చేసే మనిషి మర్నాడు వచ్చి, "మీకు కొబ్బరి తోట ఉందండి, నాకు ఈ చేనే కదండీ" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. నాట్లు లేని ఆ ఏడాది కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఎలా గడిపారో మేము అడగనే లేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే సభ్యత్వానికి పాసుపుస్తకం అడగవద్దు. దున్నేవాడు ఎవరైనా రైతేనని రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. భూమి పోతుందేమోనని చాలామంది జంకుతారు. ఆ పత్రం 11 నెలలకే, దానితో భూమి మీద హక్కు రాదు. మీ కౌలుదారుకు నువ్వే మొదట సంతకం పెట్టు, మిగతావాళ్ళు చూస్తారు.

తర్వాత సంఘం డబ్బుతో ఒక కాటా, తేమ కొలిచే యంత్రం కొనండి. ధాన్యం కొనేవాళ్ళు తేమ 17 శాతం దాటిందని, తరుగు అని బస్తాకు ఎంత కోశారో తేదీతో సహా పుస్తకంలో రాయండి. అన్యాయం జరిగిందంటే అధికారి తలూపి పంపేస్తాడు, ఆ పుస్తకం ముందు పెడితే కుర్చీ చూపిస్తాడు.

తీరిక చేసుకుని హనుమకొండ జిల్లా ముల్కనూరు వెళ్ళిరా. 1956లో మొదలైన సహకార సంఘం అది. అప్పు ఇవ్వడం నుంచి వడ్లు కొని మర పట్టించడం దాకా అదే చూసుకుంటుంది. పంజాబు రైతులు 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ పొలిమేరల్లో నిలిచారంటే, ఊళ్ళలో వంతులు వేసుకోబట్టే. వెళ్ళినవాడి చేనుకు ఇరుగుపొరుగు నీళ్ళు పెట్టారు. మీరూ ఇప్పటినుంచే వంతులు వేసుకోండి.

మొదటి సమావేశం ఏ వేళకు పెట్టాలో ఆడవాళ్ళను అడిగి ఖాయం చెయ్యి. నాకు కబురు పంపితే ముందురోజే వస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య