అమెరికా ఎన్నికల్లో స్వింగ్ స్టేట్ అంటే ఏమిటి? వాటికెందుకంత ప్రాధాన్యం?

ఏ పార్టీకీ ఖాయం కాని, ఒకసారి ఇటూ ఒకసారి అటూ మొగ్గే రాష్ట్రమే స్వింగ్ స్టేట్. అమెరికా అధ్యక్షుడు కావాలంటే దేశమంతటా ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే చాలదు. అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి దాదాపు జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 రావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం ఉన్నా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ గెలిచినవాళ్లకే. కాలిఫోర్నియాకు 54 ఉన్నా అది డెమొక్రాట్లదేనని అందరికీ తెలుసు. అభ్యర్థులు అక్కడికి వెళ్లేది ఎక్కువగా విరాళాల కోసమే!

2000లో ఫ్లోరిడా చూడండి. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే రిపబ్లికన్ అభ్యర్థి బుష్ ఆధిక్యం 537. మన ఊళ్లో సర్పంచ్ మెజారిటీ అంత. చిల్లు పొడిచి ఓటేసే కార్డుల్లో సరిగ్గా చిల్లు పడనివి, రీకౌంటింగ్, సుప్రీంకోర్టు... నెలకు పైగా టెన్షన్. దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా డెమొక్రాట్ అభ్యర్థి అల్ గోర్ ఓడిపోయారు.

విధానాలూ ఈ స్వింగ్ రాష్ట్రాల చుట్టూనే తిరుగుతాయి. భూగర్భ రాళ్లను నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్, చమురు తీసే ఫ్రాకింగ్‌ను నిషేధించాలని 2019లో అన్న కమలా హారిస్, 2024లో నిషేధించనన్నారు. ఆ గ్యాస్ పరిశ్రమ బలంగా ఉన్న పెన్సిల్వేనియాకు 19 ఓట్లున్నాయి మరి. అయినా దానితో సహా ఏడు స్వింగ్ రాష్ట్రాలూ ట్రంప్‌కే వెళ్లాయి.

ఈ జాబితా శాశ్వతం కాదు. ఫ్లోరిడా, ఒహాయో ఇప్పుడు రిపబ్లికన్ల వైపే. మనవాళ్లు బాగా స్థిరపడిన అట్లాంటా ఉన్న జార్జియా కొత్తగా చేరింది.