'డాక్టర్' అనే మాట లేకుండా ఒక పేజీ రాయమనండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి ఇంటర్‌తో పాటు రాసిన నీట్‌లో 720కి 318 మార్కులు వచ్చాయి. విజయవాడ హాస్టల్లో ఉంచి ఏడాది లాంగ్‌టర్మ్ (నీట్ మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగ్) చేయిస్తే 421 వచ్చాయి, సీటు రాలేదు. వాళ్ళ పెదనాన్న కొడుకు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఎకరంన్నర కొబ్బరితోట అమ్మి అమ్మాయిని కూడా అక్కడికే పంపుదామని మావారు అంటున్నారు. మళ్ళీ లాంగ్‌టర్మ్‌లో చేర్పించడం మంచిదా, విదేశానికి పంపడం మంచిదా? చిన్నప్పటి నుంచీ డాక్టరవుతాననేది. ఈ మధ్య ఏమడిగినా "మీ ఇష్టం" అంటోంది. – ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్కులు, తోట, బిష్కెక్ ముందు రాసి, అసలు సంగతి ఆఖరి వాక్యంలో పెట్టారు. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ "మీ ఇష్టం" అన్న మాటే. ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ సీట్ల కౌన్సెలింగ్ ఆఖరి విడత దాకా సలహా కోసం నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఈ లాంగ్‌టర్మా విదేశమా అన్న ప్రశ్నతోనే వస్తారు. పక్కన పిల్ల తల వంచుకుని చున్నీ కొస మడతపెడుతూ కూర్చుంటుంది. నేను పిల్లని అడిగితే జవాబు తండ్రి చెబుతాడు. రెండుసార్లు ఓడిపోయాననుకుంటున్న పిల్లకి మూడోసారి కూడా తప్పితే ఆ నింద మోసే ఓపిక ఉండదు. అందుకే నిర్ణయం మీ చేతిలో పెట్టేస్తుంది. మీరు దాన్ని ఒప్పుకోలు అనుకుంటున్నారు.

మీరడిగిన పోలికకు తప్పకుండా వస్తాను. దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది.

నీట్‌లో మూడు గంటలు, 180 ప్రశ్నలు. నీకు ఈ చదువు ఎందుకు కావాలి అన్న ప్రశ్న ఆ 180లో ఉండదు, కౌన్సెలింగ్‌లోనూ ఎవరూ అడగరు. ఇంగ్లండ్‌లో మెడిసిన్ సీటుకు మార్కులతో పాటు ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళ పిల్లలు సీటుకు దరఖాస్తు పెట్టేలోపే వృద్ధుల ఆశ్రమంలోనో ఆసుపత్రిలోనో కొన్నాళ్ళు పనిచేసి వస్తారు. అక్కడేం చూశావు, చూశాక కూడా ఈ చదువే ఎందుకు కావాలంటున్నావు అని వాళ్ళని అడుగుతారు. మన దగ్గర అడిగే చోటు లేదు కాబట్టి ఆ పని ఇంట్లోనే జరగాలి. జరగట్లేదు. ఆరో తరగతిలో ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసేటప్పుడు అడగం, ఇంటర్‌లో బైపీసీ తీసుకునేటప్పుడు అడగం. పందొమ్మిదో ఏట తోట అమ్మాల్సి వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

ఎందుకని నేరుగా అడిగితే మాత్రం "సేవ చేయాలని ఉంది" అని అప్పజెబుతారు. అబద్ధమని కాదు. బడి వేదిక మీద, చుట్టాల ముందు చెప్పీ చెప్పీ ఆ మాటలో పదును పోయింది. అందుకే కొన్నేళ్ళుగా నేను పిల్లలకి తెల్లకాగితం ఇచ్చి, "డాక్టర్ అనే మాట వాడకుండా, నువ్వు రోజూ ఏ పని చేస్తూ బతకాలనుకుంటున్నావో ఒక పేజీ రాయి" అంటున్నాను. అమ్మానాన్నల్ని బయట కూర్చోబెడతాను.

ఒకమ్మాయి రాసింది నాకింకా కళ్ళముందే ఉంది. వాళ్ళ అమ్మమ్మకి షుగరు పుండు. రోజూ సాయంత్రం కట్టు విప్పితే వాసనకి ఇంట్లో వాళ్ళు వరండాలోకి వెళ్ళిపోయేవారట. ఈ పిల్ల సెలైన్ నీళ్ళతో కడిగి, గాజుగుడ్డ పెట్టి, అంచు ఎంతవరకు నల్లబడిందో నోట్‌బుక్ వెనక పేజీలో పెన్సిల్‌తో గీసుకునేది. "నిన్నటికంటే చిన్నదయిందా లేదా అని చూడ్డం నాకిష్టం" అని రాసింది. సేవ అన్న మాట పేజీలో ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి ఆ ఏడు వచ్చిన మార్కులు మీ అమ్మాయి కన్నా తక్కువే. ఇంకో ఏడాది చదివించండి, దిగులు పడకండని వాళ్ళ నాన్నకి నేనే చెప్పాను.

ఒకబ్బాయి అరగంట కూర్చుని రెండు లైన్లు రాశాడు: "ఊరికి వస్తే అందరూ లేచి నిలబడాలి. నాన్న సంతోషపడాలి." అదీ నిజాయితీయే, నేను తక్కువ చేయను. గౌరవం కోరుకోవడం తప్పు కాదు, మంచి సంపాదన కోరుకోవడమూ తప్పు కాదు. కాకపోతే ఆ రెండూ వచ్చేసరికి చాలా ఏళ్ళు పడుతుంది. నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్‌సర్జన్సీ (ఆసుపత్రిలో శిక్షణ), ఆ తర్వాత పీజీ సీటుకు మళ్ళీ నీట్, దొరికితే ఇంకో మూడేళ్ళు. ముప్పై దగ్గర పడే దాకా చేతిలో మిగిలేది ఆ పనే. ఆ పని మీదే ఇష్టం లేకపోతే మొదటి ఏడాది అనాటమీ హాల్లో, శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండుతున్నప్పుడు గౌరవం గుర్తుకు రాదు.

ఇప్పుడు మిమ్మల్ని రెండు మాటలు అనాలి, ఏమీ అనుకోకండి. చిన్నప్పటి నుంచీ డాక్టరవుతానంటోంది అన్నారు. ఆరేళ్ళ పిల్లని "మా ఇంటి డాక్టరమ్మ" అని పిలిచి, వచ్చిన చుట్టానికల్లా అదే చెప్పించి, ఇప్పుడది పిల్ల కోరిక అంటే ఎలాగమ్మా? ఆ పేరు పెట్టింది మీరు. పోనీ, ఈ రెండేళ్ళలో ఒక్కరోజైనా పిల్లని ఆసుపత్రి ఓపీలో కూర్చోబెట్టారా? మార్కులు అడగడానికి తప్ప హాస్టల్‌కి ఫోన్ చేశారా? ఇక తోట మాట. పిల్ల వినేలా ఇంట్లో తోట అమ్మకం గురించి మాట్లాడటం ఇవాళే మానేయండి. తన వల్ల తాతల నాటి కొబ్బరిచెట్లు పోతాయని తెలిసిన పిల్ల ఏ పుస్తకం తెరిచినా అక్షరాలు కనబడవు. అది ప్రోత్సాహమని మీరనుకుంటున్నారు. పిల్ల నెత్తిన అప్పు పెడుతున్నారు.

విదేశం సంగతి. ఇక్కడ నాకున్న సందేహాలు దాచుకోను, ఎందుకంటే ఈ రోజుల్లో ప్రతి మండల కేంద్రంలోనూ ఒక కన్సల్టెన్సీ బోర్డు ఉంది, సందేహం చెప్పేవాళ్ళే లేరు. "ఐదేళ్ళలో వచ్చేస్తుంది" అంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు కనీసం 54 నెలలు, అదే చోట 12 నెలల ఇంటర్న్‌షిప్. రెండూ కలిపితే 66 నెలలు, అంటే ఐదున్నరేళ్ళు. చదువు ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. చదివిన దేశంలో వైద్యం చేయడానికి లైసెన్సుకు అర్హత కూడా ఉండాలి. తిరిగొచ్చాక, విదేశంలో చదివినవాళ్ళకి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈ రాయాలి, 300కి 150 రావాలి. అది దాటాక ఇక్కడ మళ్ళీ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆ పరీక్షలో చాలా విడతల్లో పది మంది రాస్తే గట్టెక్కేది ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్ళంతా తెలివితక్కువ పిల్లలు కారు.

నన్ను ఇంకా ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పినా, మంచం మీద రోగి మాట్లాడేది రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో. "నొప్పి ఎప్పట్నుంచి? తింటే ఎక్కువవుతుందా, తినకపోతే ఎక్కువవుతుందా?" అని పేషెంటు నోటి నుంచి రాబట్టడమే వైద్యంలో సగం విద్య. ఆ భాష నేర్చుకోని పిల్ల మంచం పక్కన నిలబడి, చూసి వచ్చేస్తుంది. అక్కడి నుంచి వచ్చి మంచి డాక్టర్లయినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఆ భాష పట్టుదలగా నేర్చుకున్నారు, మొదటి ఏడాది నుంచే మన పరీక్షకి చదివారు. "మీ ఇష్టం" అని విమానం ఎక్కే పిల్ల ఆ రెండూ చేస్తుందని నేననుకోను. మీ బావగారబ్బాయి చేస్తున్నాడేమో, సంతోషం. అతన్ని ఫీజుల గురించి అడగకండి. వార్డులో రోగితో ఏ భాషలో మాట్లాడుతున్నాడో అడగండి.

లాంగ్‌టర్మ్ విషయం చిన్నదే. 421 అని రాశారు గానీ ర్యాంకు రాయలేదు. పేపర్‌ని బట్టి మార్కుల విలువ మారిపోతుంది. 2024లో మొదట ఇచ్చిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, 2025లో దేశం మొత్తం మీద మొదటి ర్యాంకుకే 686. కాబట్టి పక్కింటి పిల్ల పోయినేటి మార్కులతో పోల్చి పిల్లని కుంగదీయకండి. ఆ 421లో ఫిజిక్స్ వాటా ఎంతో చూడండి. బయాలజీలో 270 తెచ్చుకుని ఫిజిక్స్‌లో యాభై దగ్గర ఆగిపోయిన పిల్లకి ఇంకో ఏడాది పనికొస్తుంది. ఎక్కడ పెరగాలో తెలుసు, పెరగడానికి చోటుంది. మూడింటిలోనూ సమానంగా సగం దగ్గర ఆగిపోయి, పరీక్ష గదిలో చేతులు చెమటలు పట్టే పిల్లకి అదే హాస్టల్, అదే టైమ్‌టేబుల్ ఇంకో ఏడాది పెడితే నష్టమే ఎక్కువ. అలాంటప్పుడు ఇంటి దగ్గరే ఉంచి, వెనకబడ్డ పాఠాలు విడిగా చెప్పే మాస్టారిని చూసుకోండి. వారానికో మాక్ టెస్ట్, తప్పుల పుస్తకం ఒకటి, రాత్రి ఏడు గంటల నిద్ర చాలు. ఆ తప్పుల పుస్తకంలో ఎందుకు తప్పయిందో కూడా రాయమనండి: తెలియకా, తొందరపడా, ప్రశ్న సరిగ్గా చదవకా అని. నెల తిరిగేసరికి తన తప్పు ఏ రకమో తనకే తెలుస్తుంది.

భయపడకండమ్మా. నీట్‌కి ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, వయసు మీరిపోతుందన్న దిగులూ లేదు. గుంటూరు, కాకినాడ, విశాఖ కాలేజీల్లో మొదటి సంవత్సరం క్లాసులో లాంగ్‌టర్మ్ చేసి వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఒకసారి లోపలికి వెళ్ళాక ఎన్నోసారి రాశావని ఎవరూ అడగరు. ఏటా ఇరవై లక్షల మందికి పైగా రాసే పరీక్ష ఇది, ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల దగ్గర. ఈ లెక్కలో సీటు రాకపోవడం పిల్ల తెలివికి తీర్పు కాదు. 318 నుంచి 421కి, ఒక్క ఏడాదిలో 103 మార్కులు పెంచుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరైనా పిల్లతో అన్నారా? ఇవాళ అనండి. ఒకవేళ అన్నం మానేయడం, రాత్రంతా మేలుకోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తుంటే కోచింగ్ మాట పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వమే నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సహాయం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ నెలలో చేయాల్సింది చెబుతాను. మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారిని అడిగి, పిల్లని ఒక వారం ఉదయం పూట ఓపీలో ఓ మూల కూర్చోనివ్వమనండి. బీపీ మాత్రలకి వచ్చే ముసలివాళ్ళని, జ్వరంతో ఏడ్చే పసివాళ్ళని, ఒకే మాట పదిసార్లు చెప్పాల్సి వచ్చే ఓపికని చూడనివ్వండి. కథల్లో ఉండే ప్రాణం పోసే ఘట్టాలు అక్కడ కనబడవు, ఆ ఉద్యోగం ఎక్కువ రోజులు ఎలా ఉంటుందో కనబడుతుంది. చూసి వచ్చాక ఇంకా కావాలంటే ఇంకో ఏడాదికి మీరు దన్నుగా నిలబడండి. రోగుల మధ్య ఉండటం ఇష్టమే గానీ ఈ పరీక్ష వద్దు అంటే బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్, ఇమేజింగ్ కోర్సులు ఉన్నాయి. వాటిని "సీటు రాని పిల్ల చదువు" అనే మాట మీ ఇంట్లో వినబడకూడదు. అసలు వద్దు అంటే అదీ వినండి.

వారం అయ్యాక ఆ తెల్లకాగితం ఇవ్వండి. డాక్టర్ అనే మాట లేకుండా ఒక పేజీ. రాశాక మీరు చదవద్దు, మీవారికీ చూపించొద్దు. పిల్ల చేతే కవరు అంటింపించి నాకు పంపండి. జవాబు పిల్ల పేరు మీదే రాస్తాను.