గొంతులో ఆగిన మాత్ర

అమ్మడూ,

నీ వీడియో నాలుగుసార్లు చూశాను. మీ పిల్లి చిట్టి గిన్నె దాకా వస్తోంది, వాసన చూస్తోంది, ఒక ముద్ద నోట పెట్టుకుని మెడ ముందుకు సాచి కష్టంగా మింగుతోంది, కాసేపటికి అరగని ముద్దను అలాగే బయటికి తోసేస్తోంది. పొట్ట ఎగరేయడం లేదు. కాబట్టి అది వాంతి కాదు. అన్నవాహికలో, అంటే తిండి గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టంలో, పుండు పడిందని నా అనుమానం.

జలుబుకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేశానన్నావు కదా, తర్వాత నీళ్లు పట్టావా? పిల్లికి నీళ్లు లేకుండా వేసిన మాత్ర చాలాసార్లు కడుపులోకి దిగదు, దారిలోనే అతుక్కుని అక్కడే కాలుస్తుంది. పశువైద్యుడిగా సర్వీసులో చేరిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. ఆ పిల్లి రెండు వారాల తర్వాత గొంతు సన్నబడిపోయి తిరిగొచ్చింది. అప్పట్నుంచీ మాత్ర వెనకే సూది తీసేసిన సిరంజితో 5, 6 మి.లీ. నీళ్లు మెల్లగా పట్టమని అందరికీ పోరుతూనే ఉన్నాను.

ఇప్పుడు మాత్రం ఆ మాత్రా వద్దు, బలవంతపు నీళ్లూ వద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఈరోజే డాక్టరు దగ్గరికెళ్లి మందు మార్పించు. బహుశా సుక్రాల్ఫేట్ ద్రవం, ఒమెప్రజోల్ రాస్తారు. సుక్రాల్ఫేట్ పుండు మీద పూతలా అంటుకుంటుంది. పరగడుపున వెయ్యాలి, మిగతా మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. లేకపోతే అవి ఒంటికి పట్టవు. ఒమెప్రజోల్ యాసిడ్ తగ్గిస్తుంది, సాధారణంగా రోజుకు రెండుసార్లు, తిండికి ముందు. మోతాదు బరువును బట్టి ఆయనే చెప్పాలి. నొప్పికి మనింట్లో ఉన్న పారాసెటమాల్ పొరపాటున కూడా వెయ్యకు, పిల్లికి అది విషం.

తిండికి ఉడికించిన కోడి మాంసం, కొవ్వూ ఎముకా లేకుండా, నీళ్లు కలిపి మెత్తగా రుబ్బు. చెంచాడు చెంచాడుగా రోజుకు ఐదారుసార్లు. పాలు పొయ్యకు, మీ అమ్మ చెప్పినా సరే. రెండు రోజులు ఏమీ తినకపోతే లివర్ దెబ్బతినొచ్చు. అప్పుడు డాక్టరు గొట్టంతో తిండి పెడదామంటే బెంగపడకు, గొంతుకు విశ్రాంతి దొరికేది అలాగే.

ఒకటి రెండు వారాల తర్వాత నీళ్లు దిగి ముద్ద మాత్రం వెనక్కి వస్తుంటే గొంతు సన్నబడుతున్నట్టే. ఎండోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు, ఒక్కసారితో అవకపోవచ్చు. దగ్గు, ఆయాసం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆగకు.

ఆ వీడియో డాక్టరుకు చూపించు. మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లు.

పెదనాన్న