కండోమ్ వాడినా కామెర్లు అంటుకుంటాయా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నేనూ నా పార్ట్‌నర్ ఇద్దరం మగవాళ్లమే. నాలుగు రోజుల కింద అతని కళ్లు పచ్చబడ్డాయి, రక్తపరీక్షలో హెపటైటిస్ ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) అని తేలింది. మేం చివరిసారి కలిసి ఆరు రోజులైంది. కండోమ్ ఎప్పుడూ మానలేదు, హెచ్ఐవీ రాకుండా నేను ప్రెప్ మాత్రలు కూడా వేసుకుంటాను. నాకు భయం లేనట్టేనా? అసలిది నీళ్ల వల్ల వచ్చే జబ్బు కదా?

జవాబు: నీళ్ల వల్లా వస్తుంది. కానీ అసలు సంగతి మలంలోని వైరస్ నోట్లోకి చేరడం, అది నీళ్లలోంచే రావాలని రూలేం లేదు. మలద్వారం దగ్గర నోరు పెట్టినా, వేళ్లు పెట్టి చేయి కడుక్కోకపోయినా, చివరికి వాడేసిన కండోమ్ తీసిన చేత్తో పెదాలు తుడుచుకున్నా చాలు. కండోమ్ దీన్ని పూర్తిగా ఆపలేదు, ప్రెప్ అసలే ఆపదు, అది హెచ్ఐవీ కోసం. 2016-18 మధ్య యూరప్‌లో ఈ జబ్బు ప్రబలినప్పుడు రోగుల్లో ఎక్కువమంది మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్లే.

మీకింకా టైముంది. ఇదివరకు మీకు ఈ జబ్బు రాకుండా, దీని టీకా కూడా వేయించుకోకుండా ఉంటే, రేపే వెళ్లి టీకా వేయించుకోండి, కలిసిన 14 రోజుల్లోపు పడితే చాలావరకు కాపాడుతుంది. రెండో డోసు ఆరు నెలలకు. కళ్లు పచ్చబడే ముందు రెండు వారాల్లోనే మనిషి ఎక్కువగా అంటిస్తాడు, అంటే మీరు కలిసినప్పుడే. లక్షణాలు 15 నుంచి 50 రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడొచ్చు, కాబట్టి ఇవాళ ఒంట్లో బాగానే ఉందని తేలిగ్గా తీసుకోకండి. కొన్నాళ్లు శృంగారం వద్దు, ఇంకెవరితోనూ వద్దు.

డాక్టర్ దగ్గర మాత్రం మీ సంబంధం సంగతి దాచకండి. చెప్పకపోతే ఎక్కడ తిన్నారు, ఏ నీళ్లు తాగారు అని అడిగి వదిలేస్తారు. చెబితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ రాస్తారు. బి లైంగికంగా బాగా అంటుకుంటుంది, దానికీ టీకా ఉంది. సి కి టీకా లేదు గానీ మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. ఒక చిక్కేమిటంటే, సి సోకిన కొత్తలో యాంటీబాడీ టెస్టు నెగెటివ్ రావచ్చు, అనుమానముంటే వైరస్‌నే నేరుగా పట్టే ఆర్ఎన్ఏ టెస్టు అడగండి.

ఇక మీ అతనికి, ఎ వైరస్‌ను చంపే మందంటూ లేదు, విశ్రాంతితో చాలామందికి అదే తగ్గిపోతుంది. మద్యం ముట్టుకోనివ్వకండి, పారాసిటమాల్ కూడా డాక్టర్ని అడిగే వేయండి. మాట తడబడుతున్నా, పగలంతా మత్తుగా పడుకుంటున్నా, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.